గానుగ ఆగిన వేళల్లో

ఫిబ్రవరి 9

బట్టల కొట్టు మూసేశారు. బిల్లుల కంప్యూటర్ నాకే ఇచ్చేశాడు యజమాని. "దీన్ని కొనేవాడెవడూ లేడమ్మా. ఇన్నాళ్లూ నువ్వే కదా వాడావు, తీసుకుపో" అన్నాడు. బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. దానికీ టికెట్ తీసుకోమన్నాడు కండక్టరు. వేళాకోళమో నిజమో తెలియక నేను సంచిలో చెయ్యి పెడితే నవ్వేశాడు.

అన్నయ్య ఇంటికి వచ్చాను. ఇంకో పని దొరికేదాకానే.

ఫిబ్రవరి 11

కంప్యూటర్‌కి ఇంట్లో చోటు లేదు. గానుగ గదిలో కిటికీ కింద బల్ల ఉంటే వదిన ఖాళీ చేసి ఇచ్చింది. గరాటాలు, కొలత పాత్రలు, జల్లెడ అన్నీ కిందికి దించి, తెలకపిండి వాసన పోవాలని బల్లను రెండుసార్లు కడిగింది. పోలేదు. ఈ ఇంట్లో ఆ వాసన లేనిది ఏదీ లేదు. మా అన్నయ్య చొక్కాలూ అంతే.

"ఇక్కడ నీకు ఇబ్బందేమో అమ్మాయ్?"

"నాలుగు రోజులే కదా వదినా."

"నాలుగు రోజులకైనా వెలుతురు కావాలిగా" అని కిటికీకి అడ్డంగా కట్టిన గోనెపట్టా కూడా ఊడదీసింది. స్టూలు ఎక్కకుండానే. వదిన అన్నయ్య కన్నా జానెడు పొడుగు. పెళ్లయిన కొత్తలో అన్నయ్య ఫొటోల్లో మడమలెత్తి నిలబడేవాడు. ఇప్పుడు మానేశాడు.

సాయంత్రం అన్నయ్య గానుగ వేశాడు. మోటారు మొదలవగానే కంప్యూటర్ ఆరిపోయింది. మళ్లీ వేశాను, మళ్లీ ఆరిపోయింది. వచ్చే కరెంటు రెండింటికీ చాలదట.

"ఈ గదిలో ఏదో ఒకటే నడుస్తుంది. నీదో, నాదో" అన్నాడు అన్నయ్య.

"మీదే నడవాలి లెండి. అన్నం పెట్టేది అది" అంది వదిన. అనేశాక నా వైపు చూసి గబగబా వంటింట్లోకి వెళ్లిపోయింది. నేనేమీ అనుకోలేదు.

ఫిబ్రవరి 13

నేనేమీ అనుకోలేదు.

ఫిబ్రవరి 22

గానుగ పొద్దున కాసేపు తిరిగి ఆగిపోతోంది. ఊరంతా ప్యాకెట్ నూనె కొంటోంది. గోడవార పీపాల్లో నూనె తేరుకుని అద్దంలా ఉంది. పట్టుకెళ్లే మనిషే లేడు.

అన్నయ్య ఇవాళ టౌన్లో పెద్ద కొట్టుకు లీటరు డబ్బా ఒకటి పట్టుకెళ్లాడు. కొట్టు పెద్దాయన మూత తీసి వాసన చూసి, వేలికి రాసుకుని, నూనెకు వంక లేదన్నాడట. డబ్బా మీద వదిన చేత్తో రాసి అంటించిన కాగితం చూసి మాత్రం, "దీనికి ముఖం లేదయ్యా. అరలో ఎలా నిలబడుతుంది?" అన్నాడట.

"నూనెకి ముఖమేంటి? నాకే లేదు" అన్నాడు అన్నయ్య అన్నం కలుపుతూ.

"మీకుంది. గడ్డం చాటున పడింది అంతే" అంది వదిన.

ముఖం నేను చేస్తానన్నాను. ఎందుకన్నానో తెలియదు. బిల్లు కొట్టడం తప్ప ఆ కంప్యూటర్లో నాకేమీ రాదు. ఇద్దరూ నా వైపు తిరిగారు. వదిన ముఖం చూశాక ఇక వెనక్కి తీసుకోలేకపోయాను.

వానలు పడేలోగా ఆ కొట్టు వాళ్లు సరుకు తీసుకోకపోతే గానుగ అమ్మేసి లారీ తోలడానికి పోతాడట. పెరట్లో చేతులు కడుక్కుంటూ చెప్పాడు అన్నయ్య. లారీ అంటే నెలకొకసారి ఇంటికి రావడం. వదిన వినలేదనుకున్నాడు. లోపల గిన్నెల చప్పుడు ఆగింది.

మార్చి 3

ఫోన్లో వీడియో పాఠాలు చెప్పే ఆయన ఒకడు దొరికాడు. గుబురు గడ్డం. ఆయన భాష నాకు సగమే తెలుసు. మిగతా సగం ఆయన చేతుల్ని చూసి పట్టుకుంటున్నాను. ఫోన్ని పీపాకు ఆనించి పెట్టి, కుడిచేత్తో మౌసు, ఎడమ మోచేత్తో ఫోన్ ఆపడం. గీత గీయడం వచ్చింది. గుండ్రం వచ్చింది. గుండ్రం లోపల రంగు పొయ్యడం వచ్చింది. ఒక పూటంతా గుండ్రాలకు రంగులే పోశాను.

గానుగ నడవలేదు. చాలా నేర్చుకున్నాను.

మార్చి 8

ఎక్కడ ఏ కాగితం కనిపించినా ఆగిపోతున్నాను. సబ్బుపెట్టె, అగ్గిపెట్టె, మందుల అట్ట, దారం రీలు. అంటించినవాటిని నీళ్లలో నానబెట్టి ఒలుస్తున్నాను. స్నానాల గదిలో రెండు బకెట్ల నిండా సీసాలు నానుతున్నాయి.

"ఒరేయ్ పొట్టీ, నేను స్నానం చెయ్యాలా, సీసాలు చెయ్యాలా?" అని అరిచాడు అన్నయ్య.

ఒలిచినవి గానుగ గది గోడకు అంటించాను. వదిన ఒక్కోదాని ముందూ నిలబడి చూసింది. దగ్గు మందుది చాలా నచ్చిందట. ఎందుకని అడిగితే, "ఏది తాగాలో, ఎంత తాగాలో తెలిసిపోతోంది. ఎవర్నీ అడగక్కర్లేదు" అంది.

మార్చి 14

మొదటిది పూర్తయింది. సూర్యుడు, నువ్వుల చేను, గానుగ బొమ్మ, అన్నయ్య ఫొటో, చుట్టూ పూలగొలుసు. అక్షరాలు రకానికొకటి వాడాను. ఉన్నవన్నీ వాడకపోతే నేర్చుకుని ఏం లాభం?

"బాగుంది" అంది వదిన.

అన్నయ్య తల అటూ ఇటూ తిప్పి చూశాడు. "సర్కస్ ఎప్పుడొస్తోంది? నేను ఏనుగునా, జోకర్నా?"

మార్చి 15

బట్టలు ఎండకు వేసి మళ్లీ పెట్టెలో సర్దాను. చిమట పట్టకుండా. అప్పుడప్పుడూ అలా చెయ్యాలి. సర్దుతుంటే వదిన గుమ్మంలో నిలబడి చూసి వెళ్లింది.

మార్చి 16

కంప్యూటర్ వెయ్యలేదు. గానుగా నడవలేదు.

మార్చి 21

గడ్డం మాస్టారు ఇవాళ ఒక మాట చెప్పాడు. పెట్టినవాటిలో సగం తీసెయ్యమన్నాడు. తీశాను. మిగిలినదాంట్లో మళ్లీ సగం తియ్యమన్నాడు. ఫోన్ ఆఫ్ చేసి వెళ్లి పెరట్లో కూర్చున్నాను.

తర్వాత వచ్చి తీశాను. సూర్యుణ్ణి తీస్తే ఏమీ అనిపించలేదు. పూలగొలుసు తీస్తుంటే ప్రాణం ఉసూరుమంది, దాని మీదే ఎక్కువ పూటలు పోయాయి. అన్నయ్యను తీసేటప్పుడు మాత్రం హాయిగా ఉంది.

మార్చి 30

గానుగ కొంటానని ఒకాయన వచ్చాడు. పొట్టిచేతుల చొక్కా, చేతిలో టేపు. రోలు చుట్టూ కొలిచాడు, తలుపు వెడల్పు కొలిచాడు. నా బల్ల దగ్గరికొచ్చి దీన్నీ అమ్ముతారా అని అడిగాడు. "అది మా చెల్లెలిది" అన్నాడు అన్నయ్య. మామూలుగానే అన్నాడు. ఎందుకు రాస్తున్నానో తెలియదు.

వదిన ఆయనకు మంచినీళ్లు ఇచ్చింది. టీ ఇవ్వలేదు. ఈ ఇంటికొచ్చిన మనిషికి టీ ఇవ్వకుండా పంపడం ఇదే చూడటం.

ఏప్రిల్ 6

టౌన్లో ప్రెస్సుకు వెళ్లాం, నేనూ వదినా. నాలుగు కాగితాలు అచ్చు వేయించాం. కంప్యూటర్లో నేను పోసిన పసుపు రంగు పొద్దుతిరుగుడు పువ్వులా ఉంటుంది. కాగితం మీద బురదకూ తేనెకూ మధ్యలో ఏదో రంగు వచ్చింది.

"ఇదేంటండీ?" అన్నాను.

"కంప్యూటర్లో ఉన్నది వెలుగమ్మా. నా దగ్గరుంది ఇంకు. వెలుగు అచ్చేసే మిషను ఇంకా కొనలేదు నేను" అన్నాడు ప్రెస్సాయన.

"బాగుంది అమ్మాయ్, ఇదీ బాగానే ఉంది" అంటూనే ఉంది వదిన బస్సెక్కేదాకా.

ఇంటికొచ్చి డబ్బాకు చుట్టాం. అక్షరాలు కంప్యూటర్లో ఎంత పెద్దవిగా కనబడితే అంత బాగుంటుందనుకున్నాను. డబ్బా గుండ్రంగా ఉంటుందన్న సంగతి మరిచిపోయాను. పేరు సగం అటు, సగం ఇటు తిరిగిపోయి, ముందు నుంచి చూస్తే మధ్యలో రెండు మూడు అక్షరాలే కనబడ్డాయి.

అన్నయ్య డబ్బాను నేల మీద పెట్టి దాని చుట్టూ నడిచాడు. "చదివేవాడు కళ్లు తిరిగి పడితే, మన నూనెతోనే మాడు మర్దనా చెయ్యొచ్చు. వ్యాపారం బాగుంటుంది."

నవ్వొచ్చింది. నవ్వలేదు. ఆ కాగితాలు పెట్టె అడుగున పెట్టాను, ఎవరికీ కనబడకుండా.

ఏప్రిల్ 7

పెట్టె సర్దాను. అడుగున పెట్టిన కాగితాలు నలగకుండా.

ఏప్రిల్ 19

ఒకే ఒక నువ్వుకాయ. సన్నటి గీతతో గీశాను, నోరు విచ్చుకున్నట్టు. దాని కింద నువ్వుల నూనె అని పేరు, డబ్బా ముందు వైపు పట్టేంత చిన్నగా. చుట్టూ ఖాళీ. ఈ ఖాళీని అలా వదిలెయ్యడానికి ఎన్నిసార్లు చేతులు కట్టేసుకున్నానో.

"బాగుంది" అంది వదిన.

"సర్కస్ వెళ్లిపోయింది" అన్నాడు అన్నయ్య. చాలాసేపు చూశాడు.

గానుగ ఈ వారం ఒక్కసారే నడిచింది.

మే 2

బట్టల కొట్లో నాతో పనిచేసినావిడ ఫోన్ చేసింది. వాళ్ల ఊళ్లో చెప్పుల షాపు తెరుస్తున్నారట, బిల్లుల దగ్గర మనిషి కావాలట, జూన్ నుంచి. హాస్టల్ కూడా చూస్తానంది. వెళ్తానని చెప్పాను. వెళ్లాలి కదా. వచ్చినప్పుడే అనుకున్నాను.

భోజనాల దగ్గర చెప్పాను. "మంచిదే" అన్నాడు అన్నయ్య. వదిన నాకు అడగకుండా మళ్లీ అన్నం పెట్టింది. తినలేనన్నా వినలేదు.

మే 4

వదినతో గొడవపడ్డాను. రాసుకుంటే తగ్గుతుందేమో.

కొట్టుకు తీసుకెళ్లే ముందు చివరి మార్పులు చేస్తున్నాను. నువ్వుకాయ ఎడమకు పెట్టి చూపించాను. బాగుందంది. కుడికి పెట్టాను. బాగుందంది. కావాలని తలకిందులు చేసి చూపించాను. "ఇలాగూ బాగుంది" అంది.

"ఒక్కసారైనా బాగాలేదని అనవేం వదినా? నువ్వు అసలు చూస్తున్నావా?"

"చూస్తున్నాను."

"చూస్తే అన్నీ బాగుంటాయా? అన్నయ్య నయం, తిట్టయినా తిడతాడు."

వదిన నూనె చేతులు కొంగుకు తుడుచుకుంది. తుడుచుకుంటూనే ఉంది.

"బాగాలేదంటే నువ్వు పెట్టె సర్దుతావు. రెండుసార్లు చూశాను."

"బట్టలు ఎండకు వేశాను అప్పుడు."

"మబ్బు పట్టిన రోజునా?"

నువ్వుకాయను మళ్లీ నిటారుగా తిప్పాను. వదిన ఆ మాట అన్నందుకు భయపడినట్టు, పొయ్యి మీద ఏదో ఉందని లోపలికి వెళ్లింది. పొయ్యి వెలిగించనే లేదు.

మే 5

ఆ రోజు మబ్బుగానే ఉంది.

మే 12

కొట్టు పెద్దాయన కళ్లద్దాలు నుదుటి మీంచి దించుకుని డబ్బాను దగ్గరగా, దూరంగా పెట్టి చూశాడు. "ముఖం వచ్చిందయ్యా! ఎవరు గీశారు?"

అన్నయ్య నన్ను ముందుకు తోశాడు.

"ఎక్కడ చదివావమ్మా?"

"గానుగ గదిలో" అన్నాడు అన్నయ్య.

ఒక అట్టపెట్టె సరుకు దించి వెళ్లమన్నాడు. కదిలితే మళ్లీ చూద్దామన్నాడు. వచ్చేదారిలో అన్నయ్య బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ ఈల వేశాడు. వదినను చూడటానికి వెళ్లిన రోజు వేశాడట అలా.

మే 21

కదల్లేదు. ఒక్క డబ్బా కూడా. అన్నయ్య వెళ్లి చూసొచ్చాడు.

"ఎవరూ చూడటం లేదంట."

టేపు పట్టుకున్నాయన ఫోన్ చేశాడు. వారంలో చెప్తానన్నాడు అన్నయ్య.

మే 23

నేనూ వదినా కొట్టుకు వెళ్లాం. ఏదో కొనడానికి వచ్చినట్టు తిరిగాం. మన డబ్బాలు ఎక్కడున్నాయో వదినకు కనబడలేదు. నేను చూపించాను. నేల మీది అరలో, అన్నిటికన్నా కింద. కొత్త సరుకు ఎవరిదైనా ముందు అక్కడే పెడతారట.

నేను గొంతుకూర్చుని చూశాను. నువ్వుకాయ ముచ్చటగా ఉంది, పేరు స్పష్టంగా ఉంది. అచ్చం నా బల్ల మీద ఉన్నట్టే. ఎందుకు కదలడం లేదో అర్థం కాలేదు. ఒకావిడ వచ్చింది, ఆమె చెప్పులు నా పక్కన ఆగి, వెళ్లిపోయాయి. ఇంకో జత చెప్పులు. అవీ అంతే.

పైన వదిన నిటారుగా నిలబడి కిందికే చూస్తోంది.

"అమ్మాయ్."

"ఊఁ."

"ఇది బాగాలేదు."

తలెత్తాను. అనేసి నా మణికట్టు పట్టుకుంది గట్టిగా. అక్కడి నుంచి అటే బస్టాండుకు పోతాననుకుందో ఏమో.

"ఏది బాగాలేదు?"

"నువ్వు లే ముందు. లేచి చూడు."

లేచాను. నేను లేచినా పెద్ద తేడా ఉండదు గానీ, ఆ మాత్రానికే తెలిసింది. పైనుంచి చూస్తే డబ్బాల మీది రేకు తప్ప ఏమీ లేదు. వరసగా బోసి రేకు. నా నువ్వుకాయ ఎక్కడో గోడకు ముఖం తిప్పి నిలబడ్డట్టుంది. నేను పొట్టిదాన్ని, పైగా ఈ మూడు నెలలూ కూర్చునే చేశాను, డబ్బాను కళ్లెదురుగా పెట్టుకుని. దాని నెత్తి ఎప్పుడూ చూడలేదు. వదినకు ఏదైనా పైనుంచే కనబడుతుంది.

"నీకిది ముందే తెలుసా?"

"ఇంట్లో బల్ల మీదుంది కదా, వంగి చూసేదాన్ని. ఇక్కడ వంగడానికి వీళ్లకేం పని?"

బయటికొచ్చాక కూడా నా చెయ్యి వదల్లేదు. బస్సులో టికెట్ తీసుకునేటప్పుడు వదిలింది.

మే 25

డబ్బా నెత్తి మీద ఏం పెట్టాలి? పొద్దుట్నుంచి గుండ్రాలు గీస్తున్నాను. నువ్వుకాయ పెట్టి చూపించాను.

"బాగాలేదు" అంది వదిన. అలవాటవుతోంది ఆవిడకు.

నాలుగు నువ్వుకాయలు.

"అదీ బాగాలేదు. ఏదో పురుగులు పాకినట్టుంది."

"అతిగా పోకు వదినా."

వదిన పీపాలోంచి గిన్నెడు నూనె పట్టి కిటికీ కింద పెట్టింది. "నేను నూనె బాగుందో లేదో ఇలాగే చూస్తాను. పైనుంచి. ఇలా కనబడితే కొంటాను" అంది.

ఇద్దరం వంగి చూశాం. ఆ రంగు నేనెక్కడో చూశాను. పెట్టె తీసి బట్టలన్నీ బయటపడేసి, అడుగునున్న కాగితాలు తీశాను. బురదకూ తేనెకూ మధ్యలో ఉన్నది. గిన్నె పక్కన పెడితే రెండూ ఒకటే.

వదిన బట్టల కుప్ప చూసింది, కాగితం చూసింది. "ఇప్పుడు బాగుంది" అంది. దేని గురించి అందో అడగలేదు.

మే 29

ప్రెస్సాయన నమ్మలేదు. "ఆ రంగే కావాలా? తప్పొచ్చిందని గోల చేశావు కదమ్మా?"

"ఆ తప్పే కావాలండీ. అచ్చం అలాగే."

గుండ్రటి కాగితం నిండా ఆ రంగు, నడుమ నువ్వుల నూనె అని లావు అక్షరాలు. అంతే. మూత ఒక పక్కకు ఉంటుంది, దాని మేరకు కాగితానికి చిల్లు తియ్యాలి. వదిన పాత మూత ఒకటి పెట్టి పెన్సిల్‌తో గీస్తుంటే నేను కత్తిరించాను. అన్నయ్య అంటించాడు. మొదటిది వంకరగా అంటించి, డబ్బానే వంకరన్నాడు.

కొట్టు నుంచి వెనక్కి తెచ్చిన డబ్బాలన్నీ నేల మీద వరసగా పెట్టి నిలబడి చూశాం. మూతలు తీసి నూనె నింపుగా పోసి పెట్టినట్టుంది. అన్నయ్య వేలు పెట్టి చూడబోయి, మేం చూస్తున్నామని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

జూన్ 1

చెప్పుల షాపావిడ ఫోన్. వచ్చే నెల చూద్దామన్నాను. వచ్చే నెల అంటే వచ్చే నెల.

జూన్ 6

మొదటి వాన. కొట్టు నుంచి మనిషి వచ్చాడు, తడుస్తూ. మళ్లీ దించిన పెట్టె అయిపోయిందట. మూడు పెట్టెలు పంపమన్నాడు. కింది అరలోనే ఉంచుతాం, అక్కడే బాగుంది అన్నాడట పెద్దాయన.

అన్నయ్య నేరుగా గానుగ గదిలోకి వెళ్లి మోటారు వేశాడు. కంప్యూటర్ టప్పున ఆరిపోయింది. చేసిన పని సేవ్ చేసుకోలేదు. ఫర్వాలేదు.

టేపాయన కూడా వానలోనే వచ్చాడు. మోటారు చప్పుడు మీదుగా అన్నయ్య అరిచాడు: "ఇప్పుడు తిరుగుతోందండీ! ఆగినప్పుడు కబురు చేస్తా!"

వదిన ఆయనకు టీ ఇచ్చింది.

జూన్ 13

గానుగ పొద్దంతా తిరుగుతోంది. నాకు కంప్యూటర్ దొరకడం లేదు. ఇవాళ సాయంత్రం అన్నయ్య ముందే ఆపేశాడు. మోటారు వేడెక్కిందట, కాసేపు ఆగాలట. అటు వెళ్తూ చెయ్యి పెట్టి చూశాను. చల్లగానే ఉంది. వచ్చి నా పని చేసుకున్నాను.

జూన్ 17

వేరుశెనగ నూనెకు కూడా ముఖం కావాలన్నాడు కొట్టు పెద్దాయన. గానుగ ఆగేలా లేదు. పాడైన లేబుళ్ల వెనక పెన్సిల్‌తో గీస్తున్నాను. పెట్టెలో ఇప్పుడు లేబుళ్లు దాస్తున్నాం, గదిలో వాటికి తడి తగలకుండా ఉండే చోటు అదొక్కటే. బట్టలు వదిన బీరువాలో సర్దింది, తన చీరల పక్కన.

మధ్యాహ్నం వదిన తెలకపిండి గంప చంకన పెట్టుకుని వచ్చి నా వెనక నిలబడింది. పైనుంచి చూసింది. ఏదో అంది. మోటారు హోరులో వినబడలేదు.

"ఏంటీ?"

"బాగాలేదు!"

"ఆఁ?"

"బాగాలేదంటున్నా! అది కాయలా లేదు, బొటనవేల్లా ఉంది!"

"ఏం బాగాలేదూ?" రోలు దగ్గర్నుంచి అన్నయ్య కేక.

"మీది కాదు, మాది!" అంది వదిన. గంప దించి, స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది.

ఇంకో కాగితం తిరగేసి, పెన్సిల్ చెక్కుకున్నాను.